రెండు చెంచాల బ్రేకాయిలు

తిరుమల కొండ దిగడానికి ఇప్పుడు వాడుతున్న దారి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. ఒక మలుపు తిరిగేలోపే ఇంకో మలుపు ఎదురొస్తుంది. గూడూరు నుంచి మేం ఐదుగురం మా పాత డీజిల్ బండిలో వెళ్లి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం ఎండలో ఆ దారిన దిగాం. పెద్ద గేరులోనే ఉంచి, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ వచ్చాను. సగం దారిలో కాలిన వాసన మొదలైంది. ఘాట్‌లో అందరి బండ్లూ ఇట్టాగే వాసనొస్తాయిలే అనుకున్నాను. అలిపిరి దాటి కొంతదూరం వచ్చాక చెట్టునీడ చూసి ఆపాం. టీ తాగాం. పావుగంట తర్వాత బండెక్కి, అలవాటుగా బ్రేకు మీద కాలు పెట్టాను. పెడల్ నేలదాకా దిగిపోయింది. నీళ్లలో కాలు పెట్టినట్టుంది, అడ్డమనేదే లేదు.

నా ఒళ్లు చల్లబడింది. పావుగంట ముందు అదే పెడల్‌ను నమ్ముకుని ఐదు ప్రాణాలు కొండ దిగాయి.

గూడూరులో మా బండి చూసే మెకానిక్‌కు ఫోన్ చేశాను. "బండి కదిలించొద్దు సార్. అట్టే వదిలేయండి. ఒక అరగంట ఆగి తొక్కి చూడండి, పెడల్ వచ్చేస్తది," అన్నాడు. ఆ వెంటనే, "ఆయిలు మార్చి ఎన్నేళ్లయింది సార్?" అని అడిగాడు. ఎన్నాళ్లు అనలేదు, ఎన్నేళ్లు అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అరగంటకు పెడల్ నిజంగానే తిరిగొచ్చింది. ఎవరూ ఒక్క నట్టు తిప్పలేదు, ఒక్క చుక్క పోయలేదు. వచ్చింది కదా అని దాన్ని నమ్మి నాయుడుపేట మీదుగా గూడూరు దాకా వెళ్లే సాహసం చెయ్యొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. తిరుపతి నుంచి ఒక మెకానిక్‌ను అక్కడికే పిలిపించి ఆయిలంతా మార్పించాం. సీసాలోకి దిగిన పాత ఆయిలు కరక్కాయ కషాయంలా ఉంది. కొత్తది లేత తేనె రంగులో ఉంది. ఆ రెండు సీసాలనూ పక్కపక్కన చూసినప్పుడు, ఇన్నేళ్లుగా నేను కాలు పెడుతున్న పెడల్ అవతల ఏముందో నాకు ఏమీ తెలియదని అర్థమైంది. అది తెలుసుకోకుండా ఉండలేకపోయాను. అప్పటి నుంచి బ్రేకు, క్లచ్ పనులు ఇంటి ముందే నేర్చుకుంటూ వచ్చాను.

మందులషాపులో దొరికే సిరంజిలతో మొదలుపెడదాం. సూది అక్కర్లేదు. ఒక సిరంజిలోకి గాలి లాగి, మూతిని బొటనవేలితో మూసి, వెనకనుంచి నొక్కండి. పిడి సగానికి పైగా లోపలికి పోతుంది, వదిలితే ఎగిరి వెనక్కొస్తుంది. ఇప్పుడు అదే సిరంజిలో గాలిబుడగ లేకుండా నీళ్లు నింపి నొక్కండి. రాయిని నొక్కినట్టు ఉంటుంది. గాలిలో అణువులకు మధ్య బోలెడంత జాగా ఉంది, నొక్కితే దగ్గరికి జరుగుతాయి. ద్రవంలో అవి ముందే ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. జరగడానికి చోటు లేదు కాబట్టి ఒక చివర తోపు రెండో చివరికి వెంటనే చేరుతుంది.

ఇక ఐదు మిల్లీలీటర్ల సిరంజినీ ఇరవై మిల్లీలీటర్ల సిరంజినీ ఒక సన్నని గొట్టంతో కలిపి, రెండింటినీ నీళ్లతో నింపండి. చిన్నదాన్ని మీరు నొక్కండి, పెద్దదాన్ని ఇంట్లో బలమైన మనిషి ఆపాలి. మా ఇంట్లో ఏడో తరగతి చదివే అమ్మాయి చిన్న సిరంజి నొక్కితే, పెద్ద సిరంజి నా బొటనవేలిని వెనక్కి తోసేసింది. లోపలి పీడనం రెండుచోట్లా ఒకటే. పెద్ద సిరంజికి వెడల్పు ఎక్కువ కాబట్టి ఆ పీడనం ఎక్కువ జాగా మీద పనిచేసి ఎక్కువ బలంగా మారుతుంది. 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ రాసిపెట్టిన సూత్రం ఇదే. ఆయన 1662లో చనిపోతే, ఆ గ్రంథం మరుసటి ఏడాది అచ్చయింది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దాంతో హైడ్రాలిక్ ప్రెస్ కట్టి పేటెంటు తీసుకున్నాడు. 1917లో అమెరికాలో మాల్కం లాగ్‌హెడ్ దాన్నే బండి బ్రేకులకు పట్టించి పేటెంటు పొందాడు. ఆయన సోదరుడు అలన్ పెట్టిన విమానాల కంపెనీయే లాక్‌హీడ్. 1921లో డ్యూసెన్‌బర్గ్, 1924లో క్రైస్లర్ కార్లు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో రోడ్డెక్కాయి. ఫోర్డు కంపెనీ మాత్రం 1939 దాకా ఇనుప కడ్డీలనూ తీగలనూ వదల్లేదు.

మన బండిలో లెక్క చూద్దాం. పెడల్ మీద మీరు ఇరవై కిలోల బరువంత బలంతో తొక్కారనుకుందాం. పెడల్ ఒక మీటకర్ర, అది ఆ బలాన్ని ఐదు రెట్లు చేసి మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ మీద వేస్తుంది. అంటే వంద కిలోలు. ఆ పిస్టన్ వ్యాసం 20 మిల్లీమీటర్లయితే, చదరపు సెంటీమీటరుకు దాదాపు 32 కిలోల పీడనం పుడుతుంది. ముందు చక్రం దగ్గర డిస్కును ప్యాడ్లతో నొక్కే కాలిపర్ పిస్టన్ వ్యాసం 48 మిల్లీమీటర్లయితే, అక్కడ తోపు సుమారు 575 కిలోలు. ఇంజన్ వాక్యూమ్‌తో సాయం చేసే సర్వో ఉంటే ఇంకా పెరుగుతుంది.

ఇంత బలం ఊరికే రాలేదు. బలం పెరిగిన కొద్దీ కదలిక తగ్గుతుంది. మాస్టర్ సిలిండర్ పిస్టన్ నడిచే దూరం మహా అయితే మూడు సెంటీమీటర్లు. ఆ నడకలో అది తోసే ద్రవం తొమ్మిదిన్నర మిల్లీలీటర్లు. టీ చెంచాతో రెండు చెంచాలు! మీరు పెడల్ నేలకు తాకేదాకా తొక్కినా చక్రాల వైపు వెళ్లేది ఆ రెండు చెంచాలే, నాలుగు చక్రాలూ దాన్నే పంచుకోవాలి. మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. సిరంజితో కొలిచి చూసుకున్నాను.

ఈ రెండు చెంచాల సంగతి తెలిశాక గాలి ఎంత ప్రమాదమో విడిగా చెప్పనక్కర్లేదు. గొట్టాల్లో మూడు మిల్లీలీటర్ల గాలి ఉందనుకోండి. ఆ 32 కిలోల పీడనానికి అది నలిగి మిల్లీలీటరులో పదో వంతుకు చేరుతుంది. ఆ నలగడానికే మీ పెడల్ నడకలో దాదాపు మూడో వంతు ఖర్చైపోయింది. కాలికి అది మెత్తదనంగా, స్పాంజి నొక్కినట్టుగా తెలుస్తుంది. మన రోడ్ల మీద లారీలకూ బస్సులకూ గాలితోనే బ్రేకులు పనిచేస్తాయి కదా అని అడగవచ్చు. అక్కడ కంప్రెసర్ ఎప్పటికప్పుడు గాలి నింపుతుంటుంది, ట్యాంకులో నిలవ ఉంటుంది. గాలి పూర్తిగా పోతే స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయి. మన చిన్న బండికి అలాంటి నిలవ ఏదీ లేదు.

అలిపిరి దగ్గర మా గొట్టాల్లోకి బయటి గాలి రాలేదు. ఎక్కడా కారిన తడి లేదు. మరి పెడల్ ఎక్కడికి పోయింది?

కొండకూ తిరుపతికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. బండీ మేమూ కలిసి 1,500 కిలోలు అనుకుంటే, ఆ ఎత్తు దిగడంలో విడుదలయ్యే శక్తితో 35 లీటర్ల నీళ్లు మామూలు వేడి నుంచి మరిగేదాకా కాచవచ్చు. అందులో కొంత టైర్లు, ఎదురుగాలి తీసుకుంటాయి. మిగిలిందాన్ని ఇంజనన్నా మింగాలి, బ్రేకులన్నా మింగాలి. చిన్న గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. నేను పెద్ద గేరులో దిగాను కాబట్టి దాదాపు అంతా నాలుగు చక్రాల ఇనుము మీద పడింది. కదులుతున్నంతసేపూ డిస్కులకు గాలి తగులుతుంది. ఆపి టీకి దిగగానే ఆ గాలి ఆగిపోయింది. ఎర్రగా కాగిన పెనాన్ని పొయ్యి మీద నుంచి దించి పక్కన పెడితే దాని కాడ కూడా మెల్లగా కాగుతుంది చూడండి, అట్లాగే డిస్కు వేడి ప్యాడ్ల మీదుగా, పిస్టన్ మీదుగా లోపలి ద్రవానికి చేరింది. నడుస్తున్నప్పుడు పనిచేసిన బ్రేకు నిలబడ్డాక పోవడానికి కారణం ఇది.

చేరినా మంచి బ్రేకాయిలు తట్టుకోవాలి. డాట్ 3 అని డబ్బా మీద ఉండే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. డాట్ అంటే ఈ కొలతలు పెట్టిన అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు. కానీ ఈ ద్రవానికి ఒక గుణం ఉంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండిలో మాస్టర్ సిలిండర్ పైనుండే డబ్బా మూతకున్న సన్నని రంధ్రం నుంచి పీలుస్తుంది, గట్టిగా కనిపించే రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా పీలుస్తుంది. నూటికి 3.7 వంతుల నీరు చేరేసరికి డాట్ 3 మరిగే స్థానం 140కి దిగిపోవచ్చు, డాట్ 4ది 155కి. సముద్రం ఇంత దగ్గరున్న గూడూరులో, నవంబరు ముసుర్లలో గోడలే చెమర్చే ఊళ్లో, ఏళ్ల తరబడి మార్చని ఆయిలు ఎంత నీరు తాగి ఉంటుందో ఊహించుకోండి.

ఒక్క చుక్క నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,700 రెట్లవుతుంది. చుక్కంత నీటి నుంచి ఒక టీ గ్లాసుకు సరిపడా ఆవిరి. పెడల్ వదిలి ఉన్నప్పుడు గొట్టాలకూ పైన డబ్బాకూ మధ్య మాస్టర్ సిలిండర్‌లో గుండుసూదిమొన అంత దారి తెరిచి ఉంటుంది. మేం టీ తాగుతుండగా ఆ ఆవిరి ద్రవాన్ని వెనక్కి నెట్టి ఆ దారిన డబ్బాలోకి పంపేసింది. నేను వచ్చి పెడల్ తొక్కితే వెళ్లిన రెండు చెంచాల ద్రవం ఆవిరిని నలపడానికే చాల్లేదు. అరగంటకు చల్లబడింది, ఆవిరి మళ్లీ నీరైంది, డబ్బాలోని ద్రవం కిందికి దిగి ఖాళీని నింపింది. పెడల్ తిరిగొచ్చింది. మా మెకానిక్ ఈ మాటల్లో చెప్పకపోయినా, ఫోన్‌లో నాకు చెప్పింది అదే.

ఇంత తేమ పీల్చే ద్రవాన్ని ఎందుకు వాడుతున్నారు? నేనూ మొదట అదే అడిగాను. నీటిని దగ్గరికి రానివ్వని సిలికోన్ రకం ఉంది, డాట్ 5 అంటారు. అందులో చొరబడిన నీరు కలవకుండా, బొట్లుగా అడుగుకి చేరుతుంది. అడుగంటే కాలిపర్, అంటే అన్నిటికన్నా వేడి చోటు. అక్కడ ఆ బొట్టు వంద డిగ్రీలకే మరుగుతుంది, ఇనుమును ఒకే చోట తొలుస్తుంది. నీటిని తనలో కలుపుకుని పలచగా పరిచేసే గుణం నిజానికి మేలే, రెండేళ్లకోసారి మార్చినంత కాలం. ఈ రెండు జాతులనూ మాత్రం ఎన్నడూ కలపకూడదు. పేరులో 5 అంకె ఉన్నా డాట్ 5.1 సిలికోన్ కాదు, 3, 4ల జాతిదే.

ఇంతసేపూ ఆయిలు అంటున్నాను గానీ ఇది నూనె కాదు. గ్లైకాల్ ఈథర్లనే రసాయనాల మిశ్రమం, నీళ్లలో కరుగుతుంది. పేరు మాత్రం పాతకాలపుది, అప్పట్లో అది నిజంగా నూనే. తొలినాటి బ్రేకు ద్రవాలు ఆముదం, ఆల్కహాలు కలిపి చేసినవి! పాలమూరు, నల్గొండ, కర్నూలు, అనంతపురం మెట్టచేలల్లో పండే అదే ఆముదం. మిగతా గింజల నూనెలు ఆల్కహాలులో సరిగా కరగవు, ఆముదం కరుగుతుంది. దానిలోని కొవ్వు ఆమ్లంలో నీటితో, ఆల్కహాలుతో చెలిమి చేసే ఒక అణుగుచ్ఛం ఉంది. అన్నిటికీ మించి ఆముదం సహజ రబ్బరును పాడుచేయదు, జారుడుతనమూ ఇస్తుంది. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరిగిపోతుంది కాబట్టి బండ్ల వేగం పెరిగేసరికి ఆ కలయిక నిలవలేదు. ఇప్పటికీ బ్రేకు రబ్బర్లకు రాసే ఎర్ర గ్రీజు ఆముదంతో చేసేదే. చేతికి రాసుకుని వాసన చూసినప్పుడల్లా చిన్నప్పుడు అమ్మమ్మ తలకు పెట్టిన ఆముదం గుర్తొస్తుంది.

ఇక గాలినీ పాత ద్రవాన్నీ బయటికి తీసే పని. మన షెడ్లలో దీన్ని ఎయిర్ తీయడం అంటారు. కావలసింది ప్రతి చక్రం దగ్గర ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడర్ నిప్పిల్‌కి సరిపోయే రింగు స్పానర్, దాని మీద బిగుతుగా పట్టే పారదర్శకమైన సన్నని గొట్టం, అడుగున కొంచెం ఆయిలు పోసిన గాజుసీసా, సీలు తీయని కొత్త డబ్బా, ఇంకో మనిషి. కిరాయికి పెట్టుకోనక్కర్లేదు. మా ఇంట్లో పెడల్ తొక్కే పని అమ్మాయిది.

అన్నిటికన్నా ముందు బండి కదలకూడదు. చదునైన గట్టినేల, నిలబడి ఉన్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి తల పెట్టొద్దు, స్టాండ్లు వేసుకోండి. స్టాండ్ల బదులు ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ పెట్టేవాళ్లను చూశాను. అవి పగిలేముందు చెప్పవు. వానరోజున డబ్బా విప్పొద్దు.

మన బండ్లలో స్టీరింగ్ కుడివైపు, మాస్టర్ సిలిండర్ కూడా సాధారణంగా అటే ఉంటుంది. కాబట్టి అన్నిటికన్నా దూరం ఎడమ వెనక చక్రం. మామూలుగా అక్కడ మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందు, చివరికి కుడి ముందు చక్రానికి రావాలి. కొన్ని కార్లలో గొట్టాలు అడ్డదిడ్డంగా, ఒక ముందు చక్రానికీ ఎదురుమూల వెనక చక్రానికీ జతగా ఉంటాయి. వాటి వరస వేరు, బండితో వచ్చిన పుస్తకం చూసి చెయ్యాలి.

"తొక్కమ్మా, మెల్లగా."

"తొక్కాను. పట్టుకున్నా నాన్నా."

అప్పుడు నిప్పిల్ పావు చుట్టు వదులు చేస్తాను. గొట్టంలోకి నల్లటి ద్రవం, దాని వెంట బుడగలు. అమ్మాయి కాలు కిందికి పోతుంది. నిప్పిల్ బిగిస్తాను. "ఇప్పుడు వదులు." ఈ వరస ఒక్కసారి తప్పినా చేసిందంతా వృథా. నిప్పిల్ తెరిచి ఉండగా కాలు తీస్తే సిలిండర్ వెనక్కి పీలుస్తుంది, మనం తీసినదానికన్నా ఎక్కువ గాలి లోపలికి పోతుంది. అందుకే ఆమె "పట్టుకున్నా" అనకుండా నేను స్పానర్ తిప్పను, నేను "వదులు" అనకుండా ఆమె కాలు తీయదు. గబగబా పంపింగ్ కొట్టడం కూడా మంచిది కాదు. పెద్ద బుడగ చిదికి నురగవుతుంది, నురగను తీయడం చాలా కష్టం.

పైన డబ్బాలో మట్టం పడిపోకుండా ఐదారు తొక్కులకోసారి చూసుకోవాలి. అది ఖాళీ అయితే గాలి మాస్టర్ సిలిండర్‌లోకే దిగి, పని మొదటికొస్తుంది. పాత బండి అయితే పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. ఏళ్లుగా పిస్టన్ నడవని చోట సిలిండర్ గోడకు తుప్పు పట్టి ఉంటుంది. ఎయిర్ తీసేటప్పుడు పెడల్ నేలదాకా పోతే రబ్బరు ఆ గరుకు మీద గీసుకుని చిరుగుతుంది. నిన్నటిదాకా బాగున్న బ్రేకు ఎయిర్ తీశాక పాడైందని చాలామంది అంటారు, అందులో చాలావరకు కారణం ఇదే. ఒలికిన ద్రవం రంగును లేపేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. దీన్ని తాగునీళ్ల సీసాలో పోసి ఉంచడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇది విషం. పిల్లలున్న ఇల్లు.

బైకుకి డిస్కు బ్రేకు ఉంటే నేర్చుకోవడానికి అదే తేలిక, మాస్టర్ సిలిండర్ చేతికిందే ఉంటుంది. చివరి మెత్తదనం పోకపోతే బ్రేకు లివరును నొక్కి ట్యూబు ముక్కతో రాత్రంతా కట్టి ఉంచే అలవాటు మెకానిక్‌లలో ఉంది. పీడనానికి చిన్నబడిన బుడగలు గోడలు వదిలి మెల్లగా పైకి చేరతాయి, పొద్దున కట్టు విప్పగానే డబ్బాలోకి పోతాయి. ఏబీఎస్ ఉన్న కార్లలో మాత్రం దాని మాడ్యూల్ లోపలికి గాలి పోతే ఇంట్లో తీయలేం. లోపలి వాల్వులను కంప్యూటరుతో తెరిపించాలి. 2019 నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ ఉంది కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి.

ఇదే ద్రవంతో పనిచేసే క్లచ్ సంగతి నాకు నిమ్మకాయల మార్కెట్ దగ్గర ఎదురైంది. బస్తాల బండ్ల మధ్య ఇరుక్కుని ఉండగా గేరు పడనంటూ గరగరలాడింది. క్లచ్ పెడల్ కిందికి పోయి అక్కడే ఉండిపోయింది, బొటనవేలితో పైకి లాగాల్సి వచ్చింది. మారుతి 800లాంటి చిన్న కార్లలో క్లచ్‌కు తీగ ఉండేది, తెగితే తెగినట్టే. మా బండిలో ఒక మాస్టర్ సిలిండర్, కింద గేర్‌బాక్స్ పక్కన ఒక స్లేవ్ సిలిండర్, మధ్యన సన్నని గొట్టం. స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు తీసి చూస్తే లోపల తడి. రబ్బరు కప్పు అరిగి ఆయిలు కారుతోంది.

చాలా బండ్లలో క్లచ్‌కూ బ్రేకుకూ పైన డబ్బా ఒకటే. కానీ క్లచ్‌కు పోయే గొట్టం డబ్బాలో కొంచెం పైన ఉంటుంది, బ్రేకు గొట్టం అడుగున ఉంటుంది. ఆయిలు తగ్గుతూ వస్తే ముందు క్లచ్ పోతుంది, బ్రేకుకు కావలసింది అడుగున మిగులుతుంది. ఈ చిన్న ఏర్పాటు చేసిన ఇంజనీరు ఎవరో తెలియదు గానీ ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. గేరు పడలేదన్న చికాకులో మనం వెంటనే చూసుకోవాల్సింది బ్రేకు డబ్బానే.

కొత్త రబ్బరు కప్పుల కిట్ తెచ్చి స్లేవ్ సిలిండర్ విప్పాను. గోడను గోటితో తడిమితే గుంటలు తగలకూడదు. తగిలితే ఎంత కొత్త రబ్బరు వేసినా కారుతుంది, సిలిండరే మార్చాలి. మాది నునుపుగానే ఉంది. కడగడానికి పెట్రోలు, డీజిలు వాడకూడదు, ఇంజనాయిలు దరికి రాకూడదు. ఎందుకో కళ్లారా చూడాలంటే పాత రబ్బరు కప్పులు రెండు తీసుకుని, ఒకటి బ్రేకాయిల్లో, ఇంకోటి ఇంజనాయిల్లో వేసి వారం ఉంచండి. మొదటిది ఉన్నట్టే ఉంటుంది. రెండోది నానిన శనగలా ఉబ్బి, సిలిండర్‌లోకి దూరనంత అవుతుంది. పొరపాటున డబ్బాలో ఇంజనాయిలు పోసిన బండికి ఎయిర్ తీస్తే సరిపోదు. గొట్టాలూ కప్పులూ అన్నీ మార్చాల్సిందే.

బిగించాక ఎయిర్ తీయడానికి కూర్చున్నాం. అమ్మాయి యాభైసార్లు తొక్కింది, పెడల్ మెత్తగానే ఉంది. అప్పుడు గానీ ఆ గొట్టం పోయే దారి చూడలేదు. పై నుంచి దిగి, మధ్యలో ఒకచోట మళ్లీ పైకి వంపు తిరిగి కిందికి పోతోంది. బుడగ ఆ వంపు పైభాగాన కూర్చుంది. మనం తొక్కినప్పుడల్లా ద్రవం దాన్ని కాస్త కిందికి ఈడుస్తుంది, ఆగగానే అది మళ్లీ తన చోటికి ఎక్కుతుంది. క్లచ్ ఒక్క తొక్కుకు తోసేది కొద్ది మిల్లీలీటర్లే, అంత నెమ్మది ప్రవాహం బుడగను కిందిదాకా లాక్కుపోలేదు. బుడగ స్వభావం పైకి పోవడం, మేమేమో దాన్ని కిందికి రమ్మంటున్నాం.

అందుకని వెనక నుంచి వెళ్లాం. యాభై మిల్లీలీటర్ల సిరంజిలో కొత్త ఆయిలు నింపి, గొట్టంలో గాలి లేకుండా చూసి, కింది నిప్పిల్‌కి తగిలించి మెల్లగా నొక్కాను. "పైన డబ్బా చూస్తూ ఉండు, పొంగకముందే చెప్పు." రెండు నిమిషాలకు, "నాన్నా, వస్తున్నాయి, బుడగలు వస్తున్నాయి!" అని అరిచింది. మూడు పెద్దవి, వాటి వెనక చీమల బారులా చిన్నవి. పెడల్ ఆ సాయంత్రమే నిలబడింది. స్లేవ్ సిలిండర్ విప్పి చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరూ క్లచ్ తొక్కకూడదు, పిస్టన్ తుపాకీ గుండులా బయటికొస్తుంది.

వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు కనిపించే నల్లదుమ్ము గురించి ఒక మాట. దాన్ని నోటితో ఊదొద్దు, గాలిగొట్టంతో కొట్టొద్దు. తడిగుడ్డతో తుడవండి. పాత లైనర్లలో రాతినార ఉండేది. మన పులివెందుల ప్రాంతపు గనుల్లో దొరికేదే. వేడికి లొంగదని వాడారు, దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో దిగబడి క్యాన్సరు తెస్తాయని తెలిశాక చాలా దేశాలు మానేశాయి. ఇప్పటి ప్యాడ్లలో నింపుడు పదార్థంగా ఎక్కువగా వాడేది బెరైటీసు, అంటే కోడూరు దగ్గర మంగంపేటలో తవ్వే ముగ్గురాయి. అభ్రకం పొడి కూడా కొన్నిటిలో కలుపుతారు. సైదాపురం వైపు అభ్రకం గనుల పక్కన పెరిగిన నాకు, ఆ మెరుపు చక్రాల మధ్య కూడా ఉండొచ్చని తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఎవరికి చెప్పినా అర్థం కాలేదు.

అంతా బిగించాక రోడ్డెక్కే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి ఉండగా నాలుగైదుసార్లు తొక్కి, ఆ తర్వాత గట్టిగా నొక్కి నిమిషంసేపు పట్టుకోండి. పెడల్ మెత్తగా ఉంటే గాలి మిగిలింది. గట్టిగా ఉండి కూడా కాలి కింద అంగుళం అంగుళంగా దిగుతుంటే, ఎక్కడన్నా కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ కప్పు లోపలే వదిలేస్తోంది. మొదటి తొక్కుకు కిందికిపోయి రెండోదానికి పైకొస్తే వెనక డ్రమ్ముల్లో లైనర్లకూ డ్రమ్ముకూ ఎడం పెరిగిందేమో చూడాలి. అలాగే నొక్కి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి జరగాలి. అది సర్వో పనిచేస్తోందనడానికి గుర్తు. నాలుగు నిప్పిళ్లూ పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ తొక్కించి, తడి ఉందేమో చూడాలి. ఆ తర్వాత మన వీధిలోనే, మనిషి నడిచే వేగంతో, పదిసార్లు ఆపి చూడాలి. ఈ పరీక్షల్లో ఏ ఒక్కటి అనుమానంగా ఉన్నా బండిని అక్కడే ఆపి మెకానిక్‌ను ఇంటికి పిలవాలి. నేను రెండుసార్లు పిలిచాను.

ఇంటి ముందు మొదటిసారి బ్రేకాయిలు మార్చే పని ముగిశాక అమ్మాయి తన స్కూలు పుస్తకాల లేబులు ఒకటి తెచ్చి, తారీఖు రాసి, బానెట్ లోపలివైపు అంటించింది. కింద పెద్ద అక్షరాలతో "బ్రేకాయిలు మార్చాం" అని రాసింది. తర్వాతి సర్వీసుకు మా మెకానిక్ బానెట్ ఎత్తి, ఆ లేబులు చదివి, నన్నేమీ అడగకుండా ఇంజనాయిలు చూడటానికి వంగాడు.